వంశంలో వచ్చే జబ్బులు – దాచవద్దు, చెప్పండి

ఈ సంచికలో వంశపారంపర్యంగా వచ్చే జబ్బుల గురించి తెలుసుకుందాం. ఇది పెద్ద చదువుల విషయమని, మనకు అర్థం కాదని అనుకోవద్దు. మన ఇళ్ళలో జరిగే పెళ్ళిళ్ళకు, కాన్పులకు, చివరికి చిన్న ఆపరేషనుకు కూడా దీనితో సంబంధం ఉంది.

గర్భిణీ స్త్రీలు మొదటిసారి చీటీ రాయించుకోవడానికి వచ్చినప్పుడు మేము తప్పకుండా అడిగే ప్రశ్నలు రెండున్నాయి. "మీది మేనరికమా?" అన్నది ఒకటి. "ఇరువైపులా పుట్టుకతో జబ్బు ఉన్నవాళ్ళు, చిన్నతనంలో పోయిన పిల్లలు ఎవరైనా ఉన్నారా?" అన్నది రెండోది. మొదటి ప్రశ్నకు జవాబు తొందరగానే వస్తుంది. రెండో ప్రశ్నకు చాలామంది "మా వంశంలో అలాంటివి ఏమీ లేవు సిస్టర్" అనేస్తారు. పక్కన అత్తగారు నిలబడి ఉంటే కోడలు అసలు నోరు విప్పదు. అల్లుడు ఉంటే అమ్మాయి తల్లి మాట మారుస్తుంది. చెప్తే మిగిలిన పిల్లలకు సంబంధాలు రావేమో, వంశానికి పేరు పడుతుందేమో అని భయం. ఆ భయం మాకు అర్థమవుతుంది. కానీ ఆ దాచిన మాటే బిడ్డను కాపాడగలిగే మాట కావచ్చు. అందుకే ఈ పాఠం.

జన్యువులు అంటే ఏమిటి?

మన శరీరం కోట్లాది కణాలతో తయారయింది. దాదాపు ప్రతి కణంలోనూ 46 క్రోమోజోములు ఉంటాయి. అవి 23 జతలు. ప్రతి జతలో ఒకటి తల్లి నుంచి, ఒకటి తండ్రి నుంచి వస్తుంది. ఈ క్రోమోజోముల మీద వేలాది జన్యువులు వరుసగా ఉంటాయి. రక్తం ఎలా తయారు కావాలి, కండరం ఎలా పెరగాలి, చెవి ఎలా వినాలి అన్న సూచనలన్నీ ఈ జన్యువుల్లోనే రాసి ఉంటాయి. అక్షరం తప్పు పడితే మాట అర్థం మారినట్లే, జన్యువులో తప్పు పడితే ఆ పని సరిగా జరగదు.

ఈ లెక్కను మొదట కనిపెట్టినవాడు గ్రెగర్ మెండెల్ అనే మఠ సన్యాసి. మఠం తోటలో బఠాణీ మొక్కలను ఏళ్ళ తరబడి పెంచి, పొడుగు, పొట్టి, గింజ రంగు తర్వాతి తరానికి ఎలా వెళ్తాయో లెక్కపెట్టాడు. 1866లో ఆ ఫలితాలను అచ్చు వేశాడు. ఆయన బఠాణీలలో చూసిన లెక్కే మన ఇళ్ళలోనూ నడుస్తుంది.

జబ్బు వచ్చే దారులు

1. ఇద్దరి నుంచీ వస్తేనే కనబడే జబ్బులు: ప్రతి జన్యువూ జతగా ఉంటుంది కదా. రెండెడ్ల బండిలో ఒక ఎద్దు నీరసించినా రెండోది ఎలాగో బండిని ఇల్లు చేరుస్తుంది. రెండూ కూలబడితే బండి ఆగిపోతుంది. ఈ రకం జబ్బులూ అంతే. జతలో ఒక జన్యువు మంచిదైతే మనిషి ఆరోగ్యంగానే ఉంటాడు, తనలో లోపం ఉన్నట్లు కూడా తెలియదు. ఇలాంటివారిని వాహకులు అంటాం, ఆసుపత్రి భాషలో క్యారియర్లు. భార్యాభర్తలిద్దరూ ఒకే లోపానికి వాహకులైతే, ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. తలసీమియా, సికిల్ సెల్, పుట్టు చెవుడులో చాలా రకాలు ఈ కోవలోవి.

2. ఒక్కరి నుంచి వచ్చినా కనబడే జబ్బులు: తల్లి, తండ్రి ఇద్దరిలో ఒకరికి జబ్బు ఉంటే ప్రతి బిడ్డకూ సగానికి సగం అవకాశం. మూత్రపిండాలలో నీటితిత్తులు పెరిగే జబ్బు పెద్దవాళ్ళలో సాధారణంగా ఇలా వస్తుంది. తండ్రికి ఈ జబ్బుతో డయాలసిస్ జరుగుతుంటే, పిల్లలు పెద్దయ్యాక బి.పి. చూపించుకుని స్కాన్ చేయించుకోవాలి.

3. తల్లి మోసి కొడుకుకు కనబడే జబ్బులు: ఆడవారికి ఎక్స్ క్రోమోజోములు రెండు, మగవారికి ఒకటే. ఆ ఒక్కదానిలో లోపం ఉంటే మగబిడ్డకు తోడు నిలిచేది ఉండదు. తల్లి వాహకురాలైతే కొడుకుల్లో ఒక్కొక్కరికి సగం అవకాశంతో జబ్బు వస్తుంది, కూతుళ్ళలో ఒక్కొక్కరు సగం అవకాశంతో వాహకురాలవుతారు. హీమోఫీలియా, డుషేన్ కండరాల క్షీణత ఇలా వస్తాయి. మేనమామకు ఉన్న జబ్బు మేనల్లుడికి వచ్చిందంటే ఈ దారినే అనుమానించాలి.

4. క్రోమోజోముల లెక్క తప్పడం: 46కు బదులు 47 రావచ్చు. డౌన్ సిండ్రోమ్‌లో 21వ క్రోమోజోము రెండుకు బదులు మూడు ఉంటుంది. దీన్ని 1959లో గుర్తించారు. ఎక్కువ భాగం ఇది అనుకోకుండా జరిగేదే, వంశంలో ఉండి రాదు.

5. జన్యువులు, పరిస్థితులు కలిసి తెచ్చేవి: చక్కెర వ్యాధి, బి.పి., గుండెజబ్బు, గ్రహణం మొర్రి, వెన్నుపూస సరిగా మూసుకోకపోవడం ఇలాంటివి. వీటిలో వంశం ఒక్కటే కారణం కాదు, తిండి, అలవాట్లు, పోషణ కూడా పని చేస్తాయి.

మేనరికం – ఉన్నది ఉన్నట్లు

మేనత్త కొడుకును, మేనమామ కూతురిని చేసుకోవడం, అక్క కూతురిని చేసుకోవడం మన ప్రాంతంలో కొత్త కాదు. కులం, మతం తేడా లేకుండా ఉంది. ముస్లిం కుటుంబాలలో చిన్నాన్న, పెదనాన్న పిల్లల మధ్య కూడా పెళ్ళిళ్ళు జరుగుతాయి. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, ఆంధ్రప్రదేశ్‌లో పెళ్ళైన స్త్రీలలో సుమారు నలుగురిలో ఒకరు రక్త బంధువునే చేసుకున్నట్లు తేలింది. దేశం మొత్తం మీద ఇది సుమారు పదిమందిలో ఒకరు.

మన మేనరికాల మీద శాస్త్రవేత్తలు చాలాకాలంగా పరిశోధన చేస్తున్నారు. ఇంగ్లండు నుంచి 1957లో మన దేశానికి వచ్చి స్థిరపడిన పేరుపొందిన శాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్. ఆయన శిష్యుడు, పిఠాపురంలో పుట్టిన ద్రోణంరాజు కృష్ణారావు, పి. మీరాఖాన్ అనే మరో పరిశోధకునితో కలిసి 1960ల మొదట్లోనే ఆంధ్రప్రదేశ్ మేనరికాల మీద పరిశోధన పత్రాలు ప్రచురించారు.

ఇందులో కీలకం ఏమిటంటే, మనలో ప్రతి ఒక్కరిలోనూ బయటికి కనబడని లోపాలు కొన్ని ఉంటాయి. బయటి సంబంధం చేసుకుంటే ఇద్దరిలోనూ ఒకే లోపం ఉండే అవకాశం తక్కువ. బంధువులలో ఒకే తాత నుంచి ఒకే లోపం ఇద్దరికీ దిగి ఉండవచ్చు. మేనమామకు, అక్క కూతురికి జన్యువులలో నాలుగో వంతు ఉమ్మడిగా ఉంటాయి. మేనత్త, మేనమామ పిల్లలకు ఎనిమిదో వంతు. తరతరాలుగా మేనరికాలే జరుగుతూ ఉంటే ఈ వాటా ఇంకా పెరుగుతుంది.

అలాగని మేనరికం చేసుకున్నవారందరూ భయపడనక్కరలేదు. ఏ దంపతులకైనా పుట్టే 100 మంది పిల్లలలో ఇద్దరు ముగ్గురికి ఏదో ఒక పెద్ద లోపం ఉండే అవకాశం ఉంది. మేనత్త, మేనమామ పిల్లలు చేసుకున్నప్పుడు దానికి మరో ఇద్దరు ముగ్గురు కలుస్తారు. అంటే 100 మందిలో 94 మంది దాకా మామూలుగానే పుడతారు. అక్క కూతురిని చేసుకున్నప్పుడు ప్రమాదం ఇంకొంచెం ఎక్కువ. అయితే వంశంలో అప్పటికే ఒక జబ్బు కనబడి ఉంటే ఈ లెక్క చెల్లదు. అప్పుడు అవకాశం నాలుగింట ఒక వంతు దాకా పోవచ్చు. మేము "వంశంలో ఎవరికైనా ఉందా?" అని పట్టుబట్టి అడిగేది అందుకే.

ఇక ఆలోచనలో ఉన్న సంబంధాల విషయం. ఆస్తి బయటికి పోకూడదని, పిల్ల కళ్ళెదుటే ఉంటుందని మేనరికం కుదుర్చుకునే ముందు, ఆ వంశంలో పుట్టుకతో వచ్చిన జబ్బులు ఉన్నాయేమో పెద్దలు మనసు విప్పి మాట్లాడుకోవాలి. ఉంటే ఆ సంబంధం మానుకోవడమే మంచిది. లేదా ముందుగా డాక్టరును కలిసి పరీక్షలు చేయించుకోవాలి.

బంధుత్వం లేకపోయినా – ఒక ఉదాహరణ

"మాది మేనరికం కాదు, మాకేం భయం లేదు" అనేవారు కూడా ఉన్నారు. వారి కోసం మన తెలుగువారిలోనే ఉన్న ఒక ఉదాహరణ చెప్తాం.

ఆపరేషను థియేటరులో రోగికి గొంతులోకి గొట్టం వేయడానికి, కండరాలు వదులు కావడానికి మత్తు డాక్టరుగారు సక్సినైల్ కోలిన్ అనే మందు ఇస్తారు. థియేటరు సిబ్బంది దీన్ని స్కోలిన్ అంటారు. రక్తంలో ఉండే ఒక ఎంజైము ఈ మందును విరగగొడుతుంది కాబట్టి, మందు పని కొద్ది నిమిషాల్లో అయిపోయి రోగి తనంతట తాను ఊపిరి తీసుకుంటాడు. ఆ ఎంజైము పేరు సూడోకోలినెస్టరేజ్. ఇది పుట్టుకతోనే లేనివారికి ఈ మందు ఇస్తే గంటల తరబడి కండరాలు కదలవు, ఊపిరి అందదు. వెంటిలేటరు మీద ఉంచి, మత్తులోనే ఉంచి, మందు ప్రభావం పోయేదాకా కాపలా కాయాలి. అలా చూసుకుంటే పూర్తిగా కోలుకుంటారు. ఆ సౌకర్యం లేని చోట ప్రాణం మీదికి వస్తుంది.

ఈ లోపం ఆర్యవైశ్య కుటుంబాలలో ఇతరులకంటే చాలా ఎక్కువగా కనబడుతుందని డాక్టర్లకు చాలాకాలంగా తెలుసు. కారణం 2009లో స్పష్టమైంది. హైదరాబాదులోని సి.సి.ఎం.బి. శాస్త్రవేత్తలు కె. తంగరాజ్, లాల్జీ సింగ్ అమెరికాలోని హార్వర్డ్ శాస్త్రవేత్తలతో కలిసి దేశంలోని 25 సమూహాల జన్యువులను పరిశీలించారు. ఆర్యవైశ్యులు చాలా తరాల కిందట కొద్దిమంది పూర్వీకుల నుంచి వచ్చారని, అప్పటి నుంచి తమలో తామే పెళ్ళిళ్ళు చేసుకుంటూ వచ్చారని అందులో కనబడింది. గోత్రం తప్పించి, బంధుత్వం లేకుండా చేసుకున్నా, మూలంలో ఆ కొద్దిమందే కాబట్టి వారిలో ఒకరికి ఉన్న లోపం తరతరాలకూ పంచబడింది. 2017లో అదే బృందం మరింత పెద్ద పరిశీలన ప్రచురించింది. ఆర్యవైశ్యులలో ఈ ఎంజైము లోపం ఇతరులకంటే సుమారు 100 రెట్లు ఎక్కువని అందులో రాశారు.

ఇది ఒక కులాన్ని వేలెత్తి చూపించడానికి చెప్పడం లేదు. ఆ పరిశీలనలో చూసిన 263 సమూహాలలో 81 సమూహాలకు ఇలాంటి చరిత్రే ఉందని తేలింది. ఒక్కో సమూహంలో ఒక్కో లోపం దాగి ఉండవచ్చు. ఆర్యవైశ్యుల విషయం ముందుగా బయటపడింది కాబట్టి వారికి మేలే జరిగింది. ముందే తెలిస్తే డాక్టరుగారు స్కోలిన్ వాడకుండా వేరే మందు వాడతారు, అంతే. ఎంజైము ఎంత ఉందో రక్త పరీక్షలో తెలుస్తుంది.

కాబట్టి ఆపరేషనుకు ముందు మత్తు డాక్టరుగారు వచ్చి "ఇంట్లో ఎవరికైనా మత్తు ఇచ్చినప్పుడు ఇబ్బంది వచ్చిందా? ఎవరైనా ఆలస్యంగా తేరుకున్నారా?" అని అడిగితే తేలికగా తీసుకోవద్దు. మీ అన్నకో, అమ్మకో అలా జరిగి ఉంటే అడగకపోయినా చెప్పండి. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు అందరూ పరీక్ష చేయించుకుని, ఆ కాగితాన్ని ఆధార్ కార్డుతో పాటు జాగ్రత్త చేసుకోండి.

తరచుగా కనబడే జబ్బులు – గుర్తించడం ఎలా?

డౌన్ సిండ్రోమ్: పుట్టినప్పుడే బిడ్డ ఒళ్ళు మెత్తగా, వదులుగా ఉంటుంది. ముఖం కొంచెం చదునుగా, కళ్ళు పైకి లాగినట్లుగా ఉంటాయి. అరచేతిలో అడ్డంగా ఒకే గీత ఉండవచ్చు. తల నిలపడం, కూర్చోవడం, మాట అన్నీ ఆలస్యం. తల్లి వయసు 35 దాటితే అవకాశం పెరుగుతుంది, కానీ చిన్న వయసు తల్లులకూ పుడతారు. వీరిలో దాదాపు సగం మందికి గుండెలో లోపం ఉంటుంది కాబట్టి ఎకో తప్పనిసరి. థైరాయిడ్, చెవి, కంటి పరీక్షలు కూడా ఎప్పటికప్పుడు చేయించాలి. ఫిజియోథెరపీ, శిక్షణ తొందరగా మొదలుపెడితే వీరు తమ పనులు తాము చేసుకుంటారు, బడికి వెళ్తారు. వీరి ప్రేమ ఎలాంటిదో ఆ ఇళ్ళవాళ్ళను అడగండి.

తలసీమియా: పుట్టినప్పుడు బిడ్డ బాగానే ఉంటుంది. ఆరు నెలలు దాటాక పాలిపోవడం, పాలు తాగకపోవడం, ప్లీహం పెరిగి పొట్ట ఉబ్బడం మొదలవుతుంది. మూడు నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. ఎక్కించిన రక్తంతో ఇనుము శరీరంలో పేరుకుపోతుంది కాబట్టి దాన్ని బయటికి పంపే మందు కూడా వాడాలి. వాహకులకు కొంచెం రక్తం తక్కువ ఉంటుంది తప్ప బాధ ఉండదు. ఐరన్ బిళ్ళలు నెలల తరబడి వాడినా హిమోగ్లోబిన్ పెరగని గర్భిణికి హెచ్.బి. ఎలక్ట్రోఫోరెసిస్ లేదా హెచ్.పి.ఎల్.సి. అనే పరీక్ష చేయిస్తాం. ఆమె వాహకురాలని తేలితే వెంటనే భర్తకూ పరీక్ష చేయాలి. భర్త మామూలుగా ఉంటే బిడ్డకు తలసీమియా మేజర్ రాదు.

సికిల్ సెల్: ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారానికి మారతాయి. తరచూ కాళ్ళు, చేతులు, నడుము విపరీతమైన నొప్పి, కామెర్లు, రక్తహీనత ఉంటాయి. గిరిజన ప్రాంతాలలో ఎక్కువ. దీని నివారణ కోసం కేంద్ర ప్రభుత్వం 2023 జూలై 1న జాతీయ కార్యక్రమం ప్రారంభించింది.

హీమోఫీలియా: మగపిల్లలకు వస్తుంది. పాకడం మొదలుపెట్టగానే ఒంటి మీద కమిలిన మచ్చలు, చిన్న దెబ్బకు మోకాలు వాచిపోవడం, సున్తీ చేసినప్పుడో పన్ను పీకినప్పుడో రక్తం ఆగకపోవడం దీని గుర్తులు. ఇలాంటి బిడ్డకు తుంటి ఇంజెక్షన్లు వేయించకండి, ఆస్పిరిన్ వంటి నొప్పి మాత్రలు ఇవ్వకండి. ముందు డాక్టరుకు చూపించండి.

డుషేన్ కండరాల క్షీణత: మగపిల్లవాడు మూడు నాలుగేళ్ళ వయసులో తరచూ పడిపోతుంటాడు. నేల మీద నుంచి లేవాలంటే తన తొడల మీద చేతులు వేసుకుని పైకి పాకుతూ లేస్తాడు. పిక్కలు బలిసినట్లు లావుగా కనబడతాయి. "పిక్కలు బాగున్నాయి, బలమైన పిల్లాడు" అని మురిసిపోయి ఆలస్యం చేయవద్దు. సి.పి.కె. అనే రక్త పరీక్షతో అనుమానం తీరుతుంది.

పుట్టు చెవుడు: తలుపు గట్టిగా వేసినా బిడ్డ ఉలిక్కిపడకపోతే, సంవత్సరం నిండినా ఒక్క మాటా రాకపోతే "వాళ్ళ నాన్నకూ మాటలు లేటే" అని ఊరుకోవద్దు. చెవి పరీక్ష చేయించండి. లోపం చిన్న వయసులోనే తెలిస్తే మిషన్ పెట్టడం, కాక్లియర్ ఇంప్లాంట్ ఆపరేషను వంటివాటితో మాటలు వస్తాయి. ఆలస్యమైన కొద్దీ ఫలితం తగ్గుతుంది.

జి6పిడి లోపం: ఇదీ ఎక్కువగా మగపిల్లలలోనే. పుట్టిన మొదటి రోజుల్లో కామెర్లు ఎక్కువగా రావచ్చు. తర్వాత మామూలుగా ఉంటారు. మలేరియాకు ఇచ్చే ప్రైమాక్విన్ వంటి కొన్ని మందులు, బట్టల పెట్టెలో వేసే కలరా ఉండల వాసన వీరికి పడవు. రక్తం విరిగి మూత్రం ముదురు రంగులో వస్తుంది. లోపం ఉన్నట్లు తెలిస్తే ఏ మందు రాయించుకున్నా ముందుగా ఆ మాట చెప్పాలి.

గ్రహణం మొర్రి: పేరులో గ్రహణం ఉన్నా దానికీ గ్రహణానికీ సంబంధం లేదు. గ్రహణం రోజు గర్భిణి కత్తి పట్టుకున్నందువల్లో, బయటికి వచ్చినందువల్లో ఇది రాదు. పెదవికి మొదటి నెలల్లోనే, అంగిలికి తర్వాత ఆపరేషను చేస్తారు. అప్పటిదాకా పాలు పట్టే పద్ధతి నర్సును అడిగి నేర్చుకోండి.

మూడు తరాల పటం రాయండి

ఇంట్లో ఉన్న నోటుపుస్తకంలో ఒక పేజీ తీసుకోండి. పెద్దవాళ్ళను కూర్చోబెట్టుకుని ఇలా రాయండి.

పై వరుసలో నాన్న తల్లిదండ్రులు, అమ్మ తల్లిదండ్రులు. మధ్య వరుసలో నాన్న, ఆయన అన్నదమ్ములు, మేనత్తలు. అమ్మ, ఆమె అక్కచెల్లెళ్ళు, మేనమామలు. కింది వరుసలో మీరు, మీ తోబుట్టువులు, వరసకు బావలు, మరదళ్ళు. మగవారికి చదరపు గుర్తు, ఆడవారికి గుండ్రని గుర్తు వేయండి. మేనరికం జరిగిన చోట రెండు గీతలు గీయండి. జబ్బు ఉన్నవారి గుర్తును నల్లగా నింపండి.

చనిపోయిన పిల్లలను వదిలేయకండి. ఏ వయసులో పోయారు, ఏమైంది, మగా ఆడా రాయండి. పోయిన గర్భాలు, చచ్చి పుట్టిన బిడ్డలు కూడా రాయండి. "గాలి సోకింది", "రక్తం లేక పోయాడు", "కాళ్ళు పడిపోయాయి" అని పెద్దవాళ్ళు ఎలా చెప్తే అలాగే రాయండి. దాని అర్థం డాక్టరుగారు చూసుకుంటారు. ముసలివాళ్ళు ఉండగానే ఈ పని చేయండి. వాళ్ళతో పాటు ఆ సమాచారం కూడా పోతుంది.

ఎవరు ముందుగా సలహా తీసుకోవాలి?

- మేనరికం చేసుకోబోయేవారు, చేసుకున్నవారు
- వంశంలో పుట్టుకతో జబ్బు ఉన్నవారు
- ముందు బిడ్డకు లోపం ఉన్నవారు, చిన్నతనంలో బిడ్డను పోగొట్టుకున్నవారు
- రెండు మూడు సార్లు గర్భం పోయినవారు
- 35 ఏళ్ళు దాటాక గర్భం దాల్చినవారు
- బుద్ధిమాంద్యం, చెవుడు, కండరాల బలహీనత ఒకరికంటే ఎక్కువ మందికి ఉన్న కుటుంబాలు

వీలైతే గర్భం రాకముందే రండి. ఫోలిక్ యాసిడ్ మాత్రలు కూడా గర్భం రాకముందు నుంచే వాడాలి. వెన్నుపూస లోపాలు చాలావరకు వాటితో నివారించవచ్చు. గర్భం వచ్చాక 11 నుంచి 14 వారాల లోపు ఒక స్కాన్, 18 నుంచి 20 వారాల మధ్య టిఫా స్కాన్ చేస్తారు. వంశంలో జబ్బు ఏదో ముందే తెలిసి ఉంటే, అవసరమైన వారికి 11 వారాల తర్వాత మాయ నుంచి గానీ, 16 వారాల ప్రాంతంలో ఉమ్మనీటి నుంచి గానీ కొంచెం తీసి పరీక్షిస్తారు. ఏ పరీక్షలోనూ ఆడా మగా చెప్పరు. 1994 చట్టం ప్రకారం అడగడమూ చెప్పడమూ నేరమే.

మీరు అడిగే ప్రశ్నలు

మొదటి బిడ్డకు జబ్బు వచ్చింది. నాలుగింట ఒకటి అన్నారు కాబట్టి తర్వాతి ముగ్గురూ బాగుంటారు కదా?

కాదు. ప్రతి కాన్పుకూ లెక్క మళ్ళీ మొదటి నుంచే. నాణెం ఎగరేసినప్పుడు ముందు ఏమి పడిందో దానికి గుర్తుండదు. అందుకే రెండో గర్భానికి ముందే సలహా తీసుకోవాలి.

ఇది మా కోడలి వల్లే వచ్చిందా?

ఈ ప్రశ్న మాకు చాలా బాధ కలిగిస్తుంది. తలసీమియా వంటివి రావాలంటే తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి రావాలి. డౌన్ సిండ్రోమ్ ఎక్కువ భాగం అనుకోకుండా జరిగేది. డుషేన్ జబ్బులో కూడా సుమారు మూడో వంతు పిల్లలలో తల్లి వాహకురాలే కాదు, ఆ లోపం బిడ్డలోనే కొత్తగా పుడుతుంది. తల్లి వాహకురాలైనా, తనకు తెలియకుండా తనలో ఉన్నదానికి ఆమె ఎలా బాధ్యురాలు? కోడలిని పుట్టింటికి పంపి కొడుక్కి వేరే పెళ్ళి చేయడం వైద్యం కాదు.

ఇది ఎవరి పాపం?

పుట్టుగుడ్డివాణ్ణి చూసి శిష్యులు అడిగిన ప్రశ్న కూడా ఇదే. వాడిదీ కాదు, వాడి తల్లిదండ్రులదీ కాదు అని ప్రభువు ఇచ్చిన జవాబు మన సంఘస్థులందరికీ తెలుసు. వైద్యశాస్త్రం చెప్పేదీ అదే.

ఇవి నయమవుతాయా?

చాలావాటిని పూర్తిగా పోగొట్టలేం, కానీ చికిత్స లేదనడం తప్పు. తలసీమియాకు తగిన దాత దొరికితే మూలుగ మార్పిడితో నయం చేయవచ్చు. వేలూరు సి.ఎం.సి. ఆసుపత్రిలో 1986 నుంచి మూలుగ మార్పిడి చేస్తున్నారు. అదే ఆసుపత్రి డాక్టర్లు తీవ్రమైన హీమోఫీలియా ఉన్న ఐదుగురికి జన్యు చికిత్స చేసి, ఆ ఫలితాలను 2024లో ప్రచురించారు. ఇది ఇంకా పరిశోధన దశలోనే ఉన్నా ఆశ కలిగించే వార్త.

ఎక్కడికి వెళ్ళాలి? ఏ సహాయం ఉంది?

మొదట దగ్గరి డాక్టరుకు, ఊళ్ళో ఏ.ఎన్.ఎం.కు చెప్పండి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీలలో, ప్రభుత్వ బడులలో 18 ఏళ్ళ లోపు పిల్లలకు పుట్టు లోపాల పరీక్ష జరుగుతుంది. లోపం కనబడితే అక్కడి నుంచి పెద్ద ఆసుపత్రికి పంపుతారు. ఆ రోజు బిడ్డను తప్పకుండా పంపండి.

జన్యు వైద్య నిపుణుల సలహాకు మన చిల్లకూరు వైపు వారికి వేలూరు సి.ఎం.సి. అందుబాటులో ఉంది. గూడూరులో రైలెక్కితే రేణిగుంట మీదుగా కాట్పాడిలో దిగవచ్చు. హైదరాబాదులో నిమ్స్ ఆసుపత్రి, సి.డి.ఎఫ్.డి. సంస్థ ఉన్నాయి. అరుదైన జబ్బుల కోసం 2021లో వచ్చిన జాతీయ విధానం కింద ఎంపిక చేసిన కేంద్రాలలో ఈ రెండూ ఉన్నాయి. ఆ కేంద్రాల ద్వారా అర్హులైన రోగులకు 50 లక్షల రూపాయల వరకు చికిత్స సహాయం అందించే ఏర్పాటు ఉంది.

2016 వికలాంగుల హక్కుల చట్టంలో తలసీమియా, హీమోఫీలియా, సికిల్ సెల్, కండరాల క్షీణత కూడా చేరాయి. కాబట్టి సదరం సర్టిఫికెట్ కోసం, పింఛను కోసం మీ సచివాలయంలో అడగండి. కాగితాలు ఎలా నింపాలో తెలియకపోతే మా దగ్గరికి రండి.

గుర్తుంచుకోండి

1. వంశంలోని జబ్బును డాక్టరు దగ్గర, నర్సు దగ్గర దాచవద్దు. మీరు చెప్పిన మాట మా దగ్గరే ఉంటుంది. అత్తగారి ముందు చెప్పలేకపోతే విడిగా మాట్లాడాలని అడగండి, మేమే గది చూపిస్తాం.
2. మేనరికానికి ముందు మూడు తరాల పటం రాయండి.
3. ఆపరేషనుకు ముందు ఇంట్లో మత్తుతో ఇబ్బంది పడినవారి సంగతి చెప్పండి.
4. ఒక బిడ్డకు జబ్బు ఉంటే, రెండో గర్భానికి ముందే సలహా తీసుకోండి.
5. ఎవరినీ నిందించవద్దు. ఆ బిడ్డకు, ఆ తల్లికి మన ఆదరణ కావాలి.

వచ్చేసారి ఓ.పి.కి వచ్చేటప్పుడు ఆ మూడు తరాల కాగితం కూడా చీటీతో పాటు తీసుకురండి. కలిసి కూర్చుని చూద్దాం.